అత్తయ్య ఆస్పత్రి సంచి

మా మేనత్త పోయింది. మబ్బు పట్టిందని ఊరంతా కల్లాల్లో మిరపకాయల మీద పట్టాలు కప్పుతుంటే గుంటూరులో ఒక ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. "ఈవిడ మీ మనిషేనా?" అన్నారు. మా అత్తయ్యేనండీ అన్నాను. తర్వాత వాళ్లేం చెప్పారో నా చెవికెక్కలేదు.

ఆవిడ చాలా ఏళ్లు బ్రిటన్‌లో నర్సుగా చేసి, మామయ్య పోయాక ప్రత్తిపాడు దగ్గర మా ఊరొచ్చి ఉండిపోయింది. రాగానే మా నాన్నని ఆస్పత్రికి తీసుకెళ్లి తెల్లబోయింది. మందులు తేవాలన్నా, శాంపిల్ ల్యాబుకి పట్టుకెళ్లాలన్నా, స్ట్రెచర్ తొయ్యాలన్నా రోగి తాలూకు మనిషే దిక్కు.

"ఎవరూ లేనివాళ్ల గతేంటే?" అంది.

"వాళ్లసలు రారు అత్తయ్యా."

అలాగని బ్రిటన్‌లో అంతా స్వర్గమని ఏనాడూ అనలేదు. అక్కడ డబ్బడగరు, వెంట ఎవరొచ్చారనీ అడగరు. కానీ మోకాలి ఆపరేషన్ కోసం తనే ఏడాది దాటి కుంటుకుంటూ ఎదురుచూసిందట. ఇక్కడైతే సాయంత్రానికల్లా స్కానింగ్ అయిపోతుంది. "అక్కడ వంతు రావాలి, ఇక్కడ మనిషి రావాలి. రాకపోతే ఎక్కడైనా చావేనే," అనేది. ఏం మాటలవి అని కసిరేదాన్ని.

మాటలతో ఊరుకుంటేగా! ఒక సంచి సర్దిపెట్టుకుంది: చాప, దుప్పటి, ఫ్లాస్కు, ఒక స్టీలు గ్లాసు. తోడు లేని రోగి ఉన్నాడని తెలిస్తే చాలు, సంచి తగిలించుకుని బయల్దేరేది. మిరపకోతకి కనిగిరి వైపు నుంచి వచ్చిన కూలామె చేలో పడిపోతే ముఠా మేస్త్రి మెల్లగా జారుకున్నాడు. ఆస్పత్రిలో "మీరేమవుతారు?" అంటే అత్తయ్య తడుముకోకుండా "అక్కని" అంది. ఆమె లేచి కూర్చునేదాకా వరండాలోనే పడుకుంది. మరుసటేడు కోతలకొచ్చినప్పుడు ఆమె కందులు మూటగట్టి తెచ్చింది. మా నాన్న ఇవాళ తిరుగుతున్నాడంటే అదీ అత్తయ్య చలవే.

ఆ రోజు గుండె పట్టేసినట్టుందని మాకెవరికీ చెప్పలేదు. కాయ తడిస్తే మా ఏడాది కష్టం మట్టిపాలని ఆవిడకి తెలుసు. "వాళ్లు పట్టాలు కప్పుకున్నాక చెప్పమ్మా, కంగారు పెట్టకు," అని ఎదురింటి ముసలామెతో అని, తనే ఆటో ఎక్కింది.

మిగతాది ఆస్పత్రి ఆయా ఏడుస్తూ చెప్పింది. "సంచి చూసి ఎప్పట్లాగే ఎవరికో తోడొచ్చారనుకున్నామమ్మా. పేషెంట్ ఎక్కడ మేడమ్ అంటే 'నేనే' అన్నారు. ఎప్పుడూ హాస్యాలాడే మనిషి కదా, నవ్వేశాం. కూర్చోండి, పేషెంట్ రాగానే పిలుస్తామన్నాం. మళ్లీ చూసేసరికి..."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ నవ్విన వాళ్ల మీదా, ఆ మబ్బు మీదా, చెప్పకుండా వెళ్లిన అత్తయ్య మీదా. ఇంతా చేసి, చినుకైనా పడలేదు.

బెంచీ కింద సంచి అలాగే ఉంది. చుట్టిన చాప చుట్టినట్టే ఉంది. ఫ్లాస్కు మూత తీస్తే కాఫీ ఇంకా వేడిగానే ఉంది. అడుగున గ్లాసు కోసం చెయ్యి పెట్టాను. ఎప్పుడూ ఒకటే ఉండేది. ఆ రోజు రెండున్నాయి. రెండోది తన కోసం వచ్చే మనిషికి.