నొప్పి లేని పుండు

ఆ రోజు ఉదయం నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. సత్రం వసారాలో మా బావ ఓబులేసు నడిచిన చోటల్లా గచ్చు మీద రక్తం మరకలు పడ్డాయి. తక్కిన స్వాములు స్నానాలకు పోయి ఉన్నారు. వాళ్లు తిరిగి వచ్చేలోపల నేను చెంబుతో నీళ్లు తెచ్చి ఆ మరకలు కడిగేశాను.

మేము శివమాల వేసుకుని కమలాపురం నుంచి మహానందికి నడిచి పోతున్నాం. అది మూడో రోజు. పదిహేను మందికి నేను గురుస్వామిని. బస్సు కండక్టరుగా పని చేస్తూనే తొమ్మిదేళ్లుగా, ఏటా శివరాత్రి ముందర ఒక గుంపును ఒట్టి కాళ్లతో నడిపించుకుపోయేవాణ్ణి. నా గుంపులో ఒక్కరు కూడా దారిలో బస్సెక్కలేదని ఊరంతా చెప్పుకునేవాణ్ణి. మరకలు కడిగింది ఆ పేరు కోసమే.

ఓబులేసు నా చెల్లెలు నాగరత్న భర్త. మగ్గం నేస్తాడు. ఆరేళ్లుగా షుగరు ఉంది. మాల వేసుకోవడానికి నెల ముందు కడపలో షుగరు డాక్టరమ్మ దగ్గరికి అతణ్ణి నేనే తీసుకుపోయాను. ఆమె బావను కళ్లు మూసుకోమని చెప్పి, సన్నని ప్లాస్టిక్ దారంతో అరికాళ్లను తాకుతూ "తగిలిందా?" అని అడిగింది. పది చోట్ల తాకితే అతను రెండుసార్లు మాత్రమే అవునన్నాడు.

"న్యూరోపతి. పాదాల్లో స్పర్శ పోయింది. ముల్లు దిగినా మీకు తెలియదు. నొప్పి లేకపోవడమే మీకు ప్రమాదం. ఇంట్లో కూడా చెప్పులు లేకుండా తిరగొద్దు."

ఆ మాటలు నేను విన్నాను. అర్థమయ్యాయి కూడా. బయటికొచ్చాక "డాక్టర్లు అట్లే భయపెడతారులే బావా" అన్నది నేనే.

బయలుదేరే రోజు నాగరత్న నన్ను పక్కకు పిలిచింది.

"అన్నా, డాక్టరమ్మ చెప్పులేసుకోమనింది గదా. ఈయన్ను బస్సులో పంపీ. గుడి కాడ కలుసుకోండి."

"నేనుండా గదమ్మా. చూసుకుంటా."

"నిన్ను నమ్మి పంపిస్తాండా అన్నా."

మరకలు కడిగాక బావను కూర్చోబెట్టి కుడి పాదం ఎత్తి చూశాను. ముందు రోజు తారురోడ్డు వేడికి బొటనవేలి కింద లేచిన బొబ్బ పగిలి, రూపాయి బిళ్లంత పుండైంది.

"నొప్పుండాదా?"

"ఏం ల్యా స్వామి. నడుస్తా."

పుండులో విభూతి అద్ది గుడ్డ కట్టాను. ఆ కట్టు చూసి తోటి స్వాములు ఏమైందని అడిగారు. కాస్త గీరుకుందని, నొప్పి కూడా లేదని చెప్పాను.

"సూడు, శివయ్య నొప్పే తెలీకుండా చేసినాడు ఈయప్పకు. నాకైతే చిన్న గులకరాయి తగిలినా పానం పోతాండాది" అన్నాడు ఒకడు.

"నువ్వు శివయ్యను తలుచుకుని నడుస్తాండావా, ఇంటి కాడ పప్పన్నాన్నా?" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. బావ ముఖం వెలిగిపోయింది. డాక్టరమ్మ ప్రమాదమని చెప్పినదాన్ని వాళ్లు దైవకృప అనుకున్నారు. వాళ్లకు తెలియదు. నాకు తెలుసు.

అతను ఇంకో రెండు రోజులు నడిచాడు. మహానంది కోనేట్లో మునిగి లేచిన గంటకే చలిజ్వరం పట్టుకుంది. కట్టు విప్పితే వాసన. వేలు నల్లబడింది. నంద్యాలకు ఆటోలో, అక్కడి నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి అంబులెన్సులో తీసుకుపోయాం. సర్జన్ పుండు చూసే వేళకు నాగరత్న కూడా వచ్చి మంచం పక్కన నిలబడి ఉంది.

"దీన్ని ఎప్పుడు చూశారు?" అని సర్జన్ అడిగాడు.

"నిన్న" అన్నాను.

"నిన్నటి పుండులో ఎముక కనపడదండి."

చెల్లెలు నా వైపు తిరిగింది. నేను నోరు తెరవకముందే మంచం మీది నుంచి బావ అన్నాడు. "నేనే చెప్పల్యా సార్. మా బావకు తెలీదు."

నేను ఊరుకున్నాను.

మొదట డెబ్రైడ్‌మెంట్ చేసి, అంటే కుళ్లిన కండ కోసేసి, వేలు తీసేశారు. ఎక్స్‌రే చూసి ఆస్టియోమైలైటిస్ అన్నారు, అంటే ఇన్ఫెక్షన్ ఎముకకు పాకింది. వారం రోజుల ఇంజెక్షన్లకు జ్వరం తగ్గితే ఇంటికి పంపిస్తారేమో అనుకున్నాం. తొమ్మిదో రోజుకు వాపు పిక్క దాకా ఎక్కింది. "గ్యాంగ్రీన్ పైకి పోతోంది. ఇప్పుడు కాలు తీస్తేనే మనిషి దక్కుతాడు" అన్నాడు సర్జన్. మోకాలి కింద తీసేశారు. గుంట మగ్గం రెండు కాళ్లతో తొక్కితేనే ఆడుతుంది. ఆ ఇల్లు గడిచేది ఆ మగ్గం మీదే.

ఇంటికొచ్చాక నాగరత్న రోజూ భర్తను తిట్టేది. "నోట్లో నాలిక ల్యాకపాయనా? మా అన్నకొక మాట చెప్పింటే కాలుండు గదా." నేను అక్కడే కూర్చుని ఆమె ఇచ్చిన టీ తాగేవాణ్ణి. రెండు నెలలు అలా గడిపాను.

ఒకరోజు ఆమె నీళ్లకు పోయినప్పుడు, నన్నెందుకు కాపాడావని బావను అడిగాను.

"అన్నాచెల్లెండ్లు తెగిపోతారని" అన్నాడు. "నువ్వు గచ్చు కడిగేది సూసినా బావా. ఆ రక్తం సూసి భయమైంది. మళ్ల, గురుస్వామే కడిగేసినాడంటే పెద్దదేం కాదులే అనుకున్యా" అన్నాడు.

తన రక్తం తానే చూసి భయపడ్డ మనిషి, నా చేతిని చూసి ధైర్యం తెచ్చుకున్నాడు. నాగరత్న తిరిగొచ్చి బిందె దించగానే ఉన్నదంతా చెప్పేశాను.

"మూడో దినమే సూసినావా?"

"సూసినా."

"డాక్టరమ్మ చెప్పింది గుర్తుండిందా?"

"ఉండింది."

"నేను ఆయప్పను తిడతాంటే రెండు నెలలు ఇనుకుంటా కూచ్చున్యావు." ఆమె ఏడవలేదు, అరవలేదు. "నీ గుంపులో ఒక్కరూ బస్సెక్కల్యా గదా. పేరు నిలబడిందిలే. పో."

ఆ తర్వాతి ఏడాది మాల వేసుకునే రోజు, వచ్చినవాళ్లందరి ముందర జరిగింది జరిగినట్టు చెప్పాను. ఇక గురుస్వామిగా ఉండనన్నాను. షుగరు ఉన్నవాళ్ల పాదాలకు నర్సుతో దారం పరీక్ష చేయించాను. ముగ్గురికి స్పర్శ తెలియలేదు. వాళ్లను బస్సులో నేనే తీసుకుపోయాను.

"ఏం స్వామీ, దేవుని మీద నమ్మకం పోయిందా?" అని ఒకాయన ఎగతాళి చేశాడు.

"ల్యా స్వామీ. నా మీదే పోయింది" అన్నాను.

బావ ఇప్పుడు కృత్రిమ కాలుతో ఇంట్లో తిరుగుతాడు, వేరేవాళ్ల మగ్గాలకు నూలు కండెలు చుడతాడు. డ్యూటీ దిగాక రోజూ పోయి అతని ఎడమ పాదం కడిగి, వేళ్ల సందులు తుడిచి, అరికాలి కింద అద్దం పెట్టి చూస్తాను. షుగరు ఉన్నవాళ్లకు నేను చెప్పగలిగేది ఇదొక్కటే. నొప్పి వచ్చినప్పుడు చూద్దాంలే అనుకోకండి, రోజూ కళ్లతో చూసుకోండి. చూపు ఆనకపోతే ఇంట్లో వాళ్లకు చూపించండి. చిన్న బొబ్బ కనపడినా ఆ రోజే డాక్టరు దగ్గరికి పోండి.

నాగరత్న నాతో మాట్లాడదు. "బాగుండాది" అని చెప్పి నేను లేచాక, అద్దం తీసుకుని మడమ నుంచి వేళ్ల దాకా మళ్లీ తానే చూస్తుంది. ఆమె చూడడం అయ్యేదాకా గడప దగ్గర నిలబడి, ఆ తర్వాతే నేను ఇంటికి పోతాను.