దేవరాజు అగ్గిపెట్టె

కర్నూలులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్న దేవరాజు ఎదురుపడితే జూనియర్లు పక్కకు తప్పుకునేవారు. ఎమ్మిగనూరు దగ్గర పల్లె అతనిది. మెలితిప్పిన మీసం, మోచేతుల దాకా మడిచిన నల్ల చొక్కా, మాటలో దబాయింపు. జేబులో ఎప్పుడూ అగ్గిపెట్టె. అన్న చాటుగా సిగరెట్లు కాలుస్తాడని హాస్టలంతా అనుకునేది. అతను అవుననలేదు, కాదనలేదు.

నిజానికి ఆ పెట్టెలో ఉండేది సాలీడు. గూడు అల్లకుండా, దుమికి ఈగల్ని పట్టే రకం. గోరంత కూడా ఉండదు. చిన్నప్పుడు వేరుశనగ చేలో నాన్న గిడ్డయ్య కలుపు తీయమంటే, ఆకుల కింద వీటిని చూస్తూ కూర్చునేవాడు. ఇప్పటికీ ఒకదాన్ని పట్టి, కొన్నాళ్లు పెంచి, బొమ్మలు గీసుకుని వదిలేస్తాడు. ఈసారి దానికి రంగి అని పేరు పెట్టాడు. సంగతి బయటపడితే తన మీసానికి విలువుండదని అతని భయం.

పోయిన చలికాలంలో స్నేహితుడు జోయల్ వాళ్ల అక్క నిశ్చితార్థానికి క్లాసువాళ్లంతా ఆదోని వెళ్లారు. పొద్దున్నే గోవిందన్న హోటల్లో ఉగ్గాని, బజ్జీ తింటుండగా పొయ్యి ఆరిపోయింది. లైటరు వెలగలేదు.

"ఎవురి దగ్గరన్నా అగ్గిపెట్టె ఉంటే ఇయ్యండప్పా" అన్నాడు గోవిందన్న.

"మా దేవరాజు ఉండంగా నీకేం కొదవన్నా!" అంటూ క్లాస్‌మేట్ ప్రకాష్ అతని జేబులోంచి లాగేశాడు.

"రేయ్, తెరవద్దు!"

అప్పటికే తెరిచాడు. రంగి ఒక్క దుముకులో జోయల్ కొత్త చొక్కా మీద వాలింది. జోయల్ కేకపెట్టి బెంచీ ఎక్కాడు.

"కదలద్దురా! దాని కాలిరుగుతాది!" దేవరాజు మోకాళ్ల మీద కూలబడి అరచెయ్యి చాపాడు. "రా రంగీ, రామ్మా."

రంగి చేతిలోకి వచ్చింది. క్లాసులో దేవరాజు మరీ గొంతు పెంచి మాట్లాడేది ఎవరి ముందో, ఆ అంజలే అడిగింది.

"పేరు గూడా పెట్టినావా?"

"ఊరికే పురుగు గాదు అంజలీ. దీనికి ఎనిమిది కండ్లు. మొగది దీని ముందర డ్యాన్స్ చేయల్ల. నచ్చకుంటే తినేస్తాది."

"డ్యాన్సా? ఎట్ల?"

అడిగిందే చాలు. రంగిని పెట్టెలో పెట్టి, రెండు చేతులూ పైకెత్తి, నడుము ఊపుతూ బల్లల మధ్య అటూ ఇటూ అడ్డంగా అడుగులేశాడు. గోవిందన్న గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అంజలి బజ్జీ పొలమారేదాకా నవ్వింది.

"ఇంగోసారి సెయ్యి!"

అప్పటికిగానీ దేవరాజుకు తనేం చేస్తున్నాడో స్పృహ రాలేదు. ఆ రోజంతా జోయల్ ఇంట్లో ఓ మూల కూర్చున్నాడు.

కర్నూలు చేరేసరికి అతను 'సాలీడన్న' అయిపోయాడు. జూనియర్లు తప్పుకోవడం మానేసి, స్నానాల గదిలో దొరికిన సాలీళ్లన్నిటినీ డబ్బాల్లో పెట్టుకొచ్చి తలుపు తట్టసాగారు. "పనీపాటా లేదారా మీకు?" అని కసురుతూనే అందుకునేవాడు.

వేసవిలో అంజలి, అతను ఆదోని కోట కొండెక్కారు. బండ పగులులో తెల్లచారల సాలీడొకటి అంజలికి కనపడింది.

"ఇదేం రకం?"

అతను చాలాసేపు చూశాడు. "నాకు తెల్దు."

"అట్లయితే కనుక్కుందాం" అని ఆమె ఎండలోనే బండ మీద బోర్లా పడుకుంది. దేవరాజు పక్కకు జరిగి చోటిచ్చాడు.