ఆ గోలు నా వల్లే

మా ఊళ్ళో ఎవరిస్తో అని ఒకడున్నాడు, వాడికి ఒకటే రోగం. మా ఊరి ఫుట్‌బాల్ జట్టు ఎప్పుడు ఓడినా ఆ ఓటమి తన వల్లే అంటాడు. గెలిస్తే నోరెత్తడు. ఓడితే మాత్రం శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాడిలా టోపీ తీసి చేత్తో పట్టుకుని, బారు మధ్యలో నిలబడి, గొంతు సవరించుకుని, "ఆ గోలు నా వల్లే" అంటాడు. మా బోర్గోసెక్కో జట్టు గెలిచేది పుష్కరానికోసారి కాబట్టి, పాపం వాడికి ఆదివారం తీరిక ఉండదు.

ఒకసారి నాలుగు గోల్స్ తేడాతో ఓడాం. అందరం బారులో పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాం. వాడు వచ్చి టోపీ తీశాడు.

"ఇవాళేం వెలగబెట్టావు?" అంది బారు నడిపే ఎర్మీనియా.

"పొద్దున గడ్డం గీసుకుంటూ అలవాటు తప్పి ఎడమ చెంపతో మొదలెట్టాను."

"దానికి ఒక గోలు. మిగతా మూడో?"

"కుడి చెంప మూడుచోట్ల తెగింది."

ఇంక చూడాలి. ఊరు ఊరంతా వాడి మీద పడింది. ముసలీ ముతకా కూడా కర్రలు ఊపుకుంటూ తిట్టారు. ఎర్మీనియా శిక్షగా పంచదార లేని కాఫీ ఇచ్చింది. ఓడిన ఆటగాళ్ళు పక్క బల్ల దగ్గర వేయించిన ఆలివ్ కాయలు నములుతూ వాళ్ళూ నాలుగు తగిలించారు. వాడు అన్నిటికీ తలూపి, చేదు కాఫీ ఆఖరి చుక్క దాకా తాగాడు. అరగంటకల్లా అందరి కడుపులూ చల్లబడి, ఎవరిళ్ళకి వాళ్ళు భోజనాలకి పోయారు.

వాడు చెప్పే కారణాలకి అంతుండేది కాదు. పెనాల్టీ ముందు తుమ్మాననేవాడు. సన్యాసిని ఎదురైతే ఆమెకి కుడి పక్క నుంచి వెళ్ళాననేవాడు. గోధుమరంగు మేజోళ్ళు వేసుకున్నాననేవాడు. వాడు చేసే పని అకార్డియన్ వాద్యాలు బాగుచెయ్యడం. దాని మీద కూడా ఒక ఓటమి వేసుకున్నాడు. బయటి ఊళ్ళో ఆట జరుగుతుండగా ఒక అకార్డియన్ తిత్తి చిరిగిందట, అదే నిమిషంలో మా సెంటర్ ఫార్వర్డ్ నిక్కరు చిరిగిందట.

మా ఊళ్ళో అపశకునం ఎదురైతే ఇనుము ముట్టుకుంటాం. నాదేమో ఇనప సామాన్ల కొట్టు. ఎవరిస్తో వీధి చివర కనబడితే చాలు, జనం మా కొట్లోకి దూరి దొరికిన మేకునో గొలుసునో పట్టుకుని నిలబడేవాళ్ళు. ముట్టుకున్నాక ఊరికే పోతే బాగుండదని ఏదో ఒకటి కొనేవాళ్ళు. నేనూ వాడూ ఒకే బెంచీ మీద చదువుకున్నాం. అప్పుడు వాడి పక్కన కూర్చున్నందుకు మేష్టారి దగ్గర తిన్న దెబ్బలన్నిటికీ మా కొట్టు ఇలా వడ్డీతో సహా రాబట్టుకుంది.

ఒకసారి పట్నం నుంచి పత్రికాయన ఒకడు మా క్లబ్బు చరిత్ర రాస్తానని దిగాడు. అందరూ ఎవరిస్తో పేరే చెప్పారు. మా బారులోనే కూర్చోబెట్టి అడిగాడు.

"క్లబ్బు ఎవరు పెట్టారండీ?"

"బూట్లు కుట్టేవాళ్ళు. మొదటి బంతి కూడా వాళ్ళే కుట్టారు. అలవాటు కొద్దీ దానికో మడమ వచ్చింది. మొదటి ఆటే ఓడాం."

"అది కూడా మీ వల్లేనా?"

"నేనింకా పుట్టందే! అది మా తాత వల్ల. ఆయన ఆ రోజు మంచం ఎడమ పక్కన దిగాడు. నా లెక్క మా అమ్మ కడుపులో మొదలైంది. పొరుగూరు పియెవేలుంగ వాళ్ళతో ఆట. సరిగ్గా పెనాల్టీ కొట్టేప్పుడు కడుపులో తన్నాను."

"యుద్ధం రోజుల్లోనో?"

"గోలుపోస్టులు పొయ్యిలోకి పోయాయి. చలికి వణికిన పిల్లల్లో నేనూ ఒకణ్ణి. కనక అదీ నాదే."

"మరి ఒక ఏడాది మూడో డివిజన్‌కి ఎక్కారట కదా?"

"ఆ ఏడాది నాకు పచ్చకామెర్లు. మంచం దిగలేదు. అందుకే ఎక్కాం. తర్వాత కోలుకున్నాను, దిగిపోయాం."

పత్రికాయన కలం బల్ల మీద పెట్టి, "అయ్యా, మీ చరిత్రలో ఆటగాళ్ళే కనబడటం లేదే" అన్నాడు.

"ఎందుకు లేరు? ఉన్నారు. పాపం, వాళ్ళంతా బాగానే ఆడారు."

ఆ మాటకి మేం పగలబడి నవ్వాం. పత్రికాయన కాఫీ కూడా పూర్తి చెయ్యకుండా బస్సెక్కాడు.

వాడి మీద మా ఊరికి ఇంకో ఫిర్యాదు ఉండేది. క్షవరానికి పియెవేలుంగ వెళ్ళేవాడు. అది లోయకి అవతల ఊరు, మా ఆగర్భ శత్రువు. అక్కడ మంగలి సెస్తిలియో ఒకప్పుడు మా ఊరివాడే, మా జట్టు గోల్‌కీపరే. మా కుర్రతనంలో ఒక పెద్ద ఆటలో నత్తలా దొర్లుకుంటూ వచ్చిన బంతి అతని కాళ్ళ మధ్య నుంచి లోపలికి పోయింది. అంతే, మర్నాటి నుంచి అతని కుర్చీలో ఊళ్ళో ఒక్క మగాడు కూర్చోలేదు. ఆ వేసవంతా ఖాళీ కుర్చీకి బట్ట కప్పి, దులిపి, చివరికి కత్తెర సంచీలో వేసుకుని పెళ్ళాంతో లోయ దాటి పోయాడు. ఎవరిస్తో మాత్రం నెలనెలా బస్సెక్కి అతని దగ్గరికే వెళ్ళి, మేక మేసిన చేనులాంటి తలతో తిరిగొచ్చేవాడు.

"శత్రువు చేతికి తల అప్పగించి వస్తావేరా?" అంటే,

"అందుకేనర్రా ఓడుతున్నాం" అని దాన్ని కూడా తన ఖాతాలోనే వేసుకునేవాడు.

ఇలా ఉండగా చాలా ఏళ్ళకి మాకు పై డివిజన్‌కి ఎక్కే యోగం పట్టింది. ఆఖరి ఆట మా మైదానంలోనే, పియెవేలుంగ మీదే. గెలవక్కర్లేదు, సమంగా ముగించినా చాలు. క్లబ్బు ప్రెసిడెంటు గ్వెర్రీనో బూట్ల ఫ్యాక్టరీ ఓనరు. ఆయన బారులో సభ పెట్టి బల్ల గుద్దాడు.

"ఆ ఆదివారం ఎవరిస్తో మైదానం ఛాయలకి రాకూడదు. మైదానం వంక చూడకూడదు. ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తండి."

అందరికన్నా ముందు ఎవరిస్తోయే చెయ్యెత్తాడు. ఎత్తాడు గానీ, వాడి మొహం చూస్తే నాకు జాలేసింది. కామెర్లప్పుడు తప్ప సొంత మైదానంలో ఆట వాడు ఎన్నడూ మానలేదు.

"కాపలా ఎవరు?" అన్నారు.

"నెల్లో ఉన్నాడుగా. తాళాలూ వాడి దగ్గరే ఉంటాయి" అన్నాడు ప్రెసిడెంటు. నెల్లో అంటే నేను. నా ఆటా పోయింది.

ఆదివారం మధ్యాహ్నం మా కొట్లోకెల్లా పెద్ద తాళంకప్ప తీసుకుని వాడి పనిగదికి వెళ్ళాను. లోపల్నుంచి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. కిటికీ తలుపులు మూశాను. రేడియో లేదు. పైన ఒక వెంటిలేటర్ ఉంది గానీ, దాంట్లోంచి చూస్తే చర్చి వెనక గోడా, దాని మీద ఫాదర్ గారి ఉతికిన బట్టలూ తప్ప ఇంకేం కనబడవు. పై డివిజన్‌కి ఎక్కితే గంటలు కొట్టిస్తానని ఫాదర్ ముందే మాటిచ్చాడు. మా ఇద్దరికీ కబురు ఆ గంటలే.

పేకాడదామని కూర్చున్నాం. మూడో పంపకానికే వాడు ముక్కలు గుండెకి ఆనించుకుని గురక పెట్టాడు. నేనొక్కణ్ణే చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. కొండ కింద నుంచి హోరు వస్తోంది, తగ్గుతోంది, మళ్ళీ వస్తోంది. చివర్లో ఒక్కసారి అంతా చప్పబడిపోయింది. గంటలు మోగలేదు. తట్టి లేపాను.

"ఓడామా?" అన్నాడు కళ్ళు నులుముకుంటూ.

"అలాగే ఉంది."

"పద" అని టోపీ అందుకున్నాడు.

చర్చి ముందు చౌరస్తాలో జనం కిక్కిరిసి ఉన్నారు. ఎదురొచ్చిన ఎర్మీనియా మెల్లిగా సంగతి చెప్పింది. చివరి నిమిషం దాకా సమంగానే ఉందట. మా బ్యాక్ ఆటగాడు లోరిస్ బంతిని వెనక్కి మా గోల్‌కీపర్‌కే తోశాడట. అతనేమో ముందుకొచ్చి ఉన్నాడు. బంతి అతని పక్కనుంచి నింపాదిగా నడుచుకుంటూ మా గోల్లోకే వెళ్ళి కూర్చుందట.

లోరిస్ ఫౌంటెన్ గట్టు మీద బురద బట్టలతోనే కూర్చున్నాడు. ఊళ్ళో కుళాయిలూ గొట్టాలూ బాగుచేసేది అతనే. కిందటి నెలే సొంత కొట్టు తెరిచాడు. అతని చుట్టూ నాలుగు బారల దూరం ఎవరూ లేరు.

"పియెవేలుంగ వాళ్ళు నీకేం పెట్టార్రా?" అన్నాడొకడు.

"మా ఇంటి కుళాయి ఊడి ఇల్లు మునిగినా సరే, వీణ్ణి గడప తొక్కనివ్వను" అన్నాడింకొకడు.

"ఆ కొట్టు అద్దె నాదే. రేపే ఖాళీ చేయిస్తా" అన్నాడు గ్వెర్రీనో.

లోరిస్ తల దించుకుని బూటు లేసు విప్పుతున్నాడు. విప్పేకొద్దీ అది ముడి పడిపోతోంది. నాకు సెస్తిలియో ఖాళీ కుర్చీ కళ్ళముందు మెదిలింది. అప్పుడే ఇంకో సంగతి కూడా తట్టింది. సెస్తిలియో లోయ దాటకముందు ఎవరిస్తో ఒక్కసారైనా "నా వల్లే" అనగా నేను వినలేదు. ఇన్నేళ్ళూ పక్కనే ఉండి ఈ ముక్క నా బుర్రకెక్కలేదు. నేను అమ్మే ఇనుమంతా నా తలలోనే ఉన్నట్టుంది.

ఈలోగా ఎవరిస్తో జనాన్ని తోసుకుంటూ మధ్యకి వెళ్ళి, టోపీ తీసి, గొంతు సవరించుకున్నాడు.

"ఆ గోలు నా వల్లే."

"నీ వల్లెలా అవుద్ది? నిన్ను గదిలో పెట్టి తాళం వేశాంగా" అన్నాడు గ్వెర్రీనో.

"వెంటిలేటర్ ఉంది. ఉండబట్టలేక స్టూలెక్కి మైదానం వంక చూశాను. నేను చూడటం, లోరిస్ బంతి తన్నడం ఒకేసారి అయ్యాయి. నా చూపు తగిలి బంతి పక్కకి తిరిగింది."

చౌరస్తాలో అందరి తలలూ నా వైపు తిరిగాయి. లోరిస్ కూడా తలెత్తాడు.

"ఏమోయ్ నెల్లో, కాపలా ఉన్నది నువ్వేగా. వీడు స్టూలెక్కాడా?" అన్నాడు ప్రెసిడెంటు.

వెంటిలేటర్‌లోంచి కనబడేవి ఫాదర్ గారి ఉతికిన బట్టలేనని నాకు తెలుసు. వీడు మూడో పంపకం నుంచీ గురక పెట్టాడనీ తెలుసు. ఎవరిస్తో నా వంక చూడనే లేదు, టోపీ అంచు నలుపుకుంటున్నాడు.

"నాకు తెలీదండీ" అన్నాను. "నాకు కునుకు పట్టింది."

ఆకాశం విరిగి మా ఇద్దరి నెత్తిన పడింది. తిట్లలో అన్ని రకాలు ఉంటాయని నాకు ఆ సాయంత్రమే తెలిసింది. మా తాతల్ని కూడా లేపి తిట్టారు. గ్వెర్రీనో అయితే, ఇన్ని తాళాలు అమ్మేవాడికి రెండు కళ్ళు తెరిచి పెట్టుకోవడం చేతకాదా అని అడిగాడు. తిట్టడానికి జనమంతా మా చుట్టూ మూగేసరికి ఫౌంటెన్ దగ్గర చోటు ఖాళీ అయింది. ఎర్మీనియా వెళ్ళి లోరిస్ చేతిలో కాఫీ పెట్టడం జనం సందుల్లోంచి చూశాను. పంచదార వేసి కలుపుతోంది. మాకు మాత్రం చేదుదే పోసింది.

ఇంటికి పోతూ అడిగాను.

"ఒరేయ్, నువ్వు నిద్రపోయావు కదరా?"

"నిద్రలో చూశాను" అన్నాడు.

"సెస్తిలియో అప్పటి నుంచేనా ఇదంతా?"

వాడు టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. "కునుకు అన్నావు చూడు, అది బాగుంది. కొత్తలో అందరూ ఎక్కువ మాట్లాడి చెడగొట్టుకుంటారు" అన్నాడు. నాకు వాడి మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. చెప్పలేక, మెడ మీద ఒకటి చరిచాను.

మర్నాటి నుంచి జనం నన్ను చూసి కూడా ఇనుము ముట్టుకోవడం మొదలెట్టారు. ముట్టుకోవాలంటే మళ్ళీ నా కొట్టుకే రావాలి కాబట్టి నాకేం ఇబ్బంది లేదు.

ఆ నెలలో ఎవరిస్తో నన్ను కూడా బస్సెక్కించి పియెవేలుంగ తీసుకుపోయాడు. సెస్తిలియో ముసలివాడైపోయాడు, చేతులు వణుకుతున్నాయి. నా మెడకి బట్ట కట్టి అడిగాడు.

"ఈసారి ఎవరి వల్ల ఓడారట?"

"వీడి వల్ల, నా వల్ల."

కత్తెర ఆగింది. అద్దంలో ఎవరిస్తో వంక ఒకసారి చూశాడు. ఎవరిస్తో పాత పత్రికేదో తిరగేస్తున్నాడు.

"ఆ బ్యాక్ ఆడినవాడు ఊళ్ళోనే ఉన్నాడా?"

"ఎక్కడికి పోతాడు? నిన్ననే మా వంటింట్లో కుళాయి బాగుచేసి వెళ్ళాడు."

సెస్తిలియో మళ్ళీ కత్తెర ఆడించి, నా చెవి మీద ఇంత మేర జుట్టు వంకరగా లేపేశాడు. ఆ తలతో ఇప్పటికీ ఊళ్ళో తిరుగుతున్నాను. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. ఆ తప్పు మాత్రం నాది కాదు.