వచ్చినవాళ్ళకి మర్యాద

మా అత్తగారికి మతిమరుపు జబ్బు ముదిరిన రోజుల్లో నేను భీమవరం జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. పొద్దున్నే ఆవిడకి స్నానం చేయించి, బతిమాలి అన్నం తినిపించి, పక్కింటావిడకి అప్పజెప్పి పరిగెత్తేదాన్ని. సాయంత్రం తిరిగొచ్చేసరికి, కోడలు అన్నమే పెట్టలేదని అత్తగారు ఆ పక్కింటావిడతో చెబుతూ ఉండేది. నిజంగా విసుగొచ్చేసింది.

ఒక్క నెల అత్తగారిని వాళ్ళ ఊరు పెద్దాపురం తీసుకెళ్ళమని మా ఆడపడుచుని అడిగాను.

"ఫోన్లో బాగానే మాట్లాడుతోంది కదా వదినా! అమ్మకేమైంది?" అంది.

అదే నా ఖర్మ. ఇంట్లో నన్నే ఎవరని అడిగే మనిషి, గుమ్మంలో ఎవరైనా కనబడితే చాలు, మర్యాదలో అక్షరం పొల్లుపోనిచ్చేది కాదు.

ఆ వేసవిలో ఆడపడుచు చూడడానికి వచ్చింది. అత్తగారు ఎదురెళ్ళింది.

"రామ్మా రా, ఎండనపడి వచ్చావు. కాళ్ళు కడుక్కో. భోజనం చేయకుండా కదలనిచ్చేది లేదు."

పక్కనే కూర్చుని, ఇంకాస్త నెయ్యి వెయ్యమని నన్ను అదిలించింది. ఆడపడుచు నా వంక చూసిన చూపుకి ఒళ్ళు మండిపోయింది.

వంటింట్లోకి పిలిచి, నేను చదివి తెలుసుకున్నది చెప్పాను. మెదడులో కొన్ని ప్రొటీన్లు ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతాయి. వయసు మీదపడేకొద్దీ వాటిలో పరమాణువుల అమరిక మెలి తిరుగుతుంది. పాతవాటిని కత్తిరించి పారేయాల్సిన ఎంజైములు అప్పుడిక వాటిని పోల్చుకోలేవు. అవన్నీ అక్కడే పేరుకుపోతాయి. జబ్బుకి అదీ ఒక కారణం అంటున్నారని చెప్పాను.

"పాఠాలు కాలేజీలో చెప్పుకో వదినా. అమ్మ నిక్షేపంలా ఉంది."

వాదించే ఓపిక లేక గిన్నెలు సర్దడం మొదలుపెట్టాను.

బస్సు వేళకి అత్తగారు, ఎవరూ చెప్పకుండానే, కుంకుమభరిణె, జాకెట్టు ముక్క తెచ్చింది. బొట్టు పెట్టింది. కాళ్ళకి దండం పెడితే తల నిమిరింది. ఆడపడుచు నా వైపు గెలిచినట్టు చూసి, "వెళ్ళొస్తానమ్మా" అంది.

"మంచిదమ్మా. మీ అమ్మగారిని అడిగానని చెప్పు," అంది అత్తగారు.

ఆడపడుచు జాకెట్టు ముక్క పట్టుకుని మెట్ల మీద కూలబడింది. నా మాట నమ్మితే చాలని ఇన్నాళ్ళూ కోరుకున్నాను. తీరా నమ్మాక నాకే ఏడుపొచ్చింది.

అత్తగారు కంగారుగా నా చెయ్యి పట్టుకుంది.

"ఎవరి పిల్లో పాపం, కళ్ళు తిరిగినట్టున్నాయి. మంచినీళ్ళు పట్రా."