బెల్మీరో వంతు దారి

ఎతెల్వీనా అత్తది మంచి నోరు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే నయం. మా ద్వీపంలో ఆమె తిట్టని మనిషి లేడు, ఫాదర్ గారితో సహా. పాత అగ్నిపర్వతాలు వరసగా కక్కిపోసిన గట్టే మా సావ్ జోర్జ్ ద్వీపం. ఆ గట్టు మీద మేముంటాం. కింద సముద్రం ఒడ్డున చిన్న చదునులో ఆమె ఒక్కతే ఉండేది. మిగతా ఇళ్ళవాళ్ళు ఎప్పుడో పైకొచ్చేశారు. నువ్వూ రామ్మా అంటే, "రోజూ మీ మొహాలు చూడాలా?" అనేది.

పైకీ కిందికీ ఒకటే కాలిదారి, నల్లరాళ్ళ మీద, అడవిలోంచి. ఆ అడవికి మనిషంటే పడదు. అడవి అల్లం ఎంత నరికినా మళ్ళీ ఛాతీ ఎత్తు లేస్తుంది. ముళ్ళతీగలు కాళ్ళు పట్టుకుంటాయి. మంచు దిగితే అడుగు ముందు రాయుందో లోయుందో తెలీదు. అందుకే దారిని ఇళ్ళవారీగా వంతులు వేసుకున్నాం. ఎవరి వంతు వాళ్ళే కొట్టాలి. వాళ్ళు నోరు తెరిచి అడిగితే తప్ప ఇంకొకరు అక్కడ కొడవలి పెట్టరు. అడక్కుండా కొట్టేది ఆ ఇంట్లో ఆఖరి మనిషి పోయినప్పుడే. అప్పుడు దారి కొట్టి, ఆ వంతుకి హద్దుగా పాతిన వంతురాయి దగ్గర మోకరించి పోయినవాళ్ళ ఆత్మకి ప్రార్థన చేస్తాం.

గట్టు అంచున ఉన్న ముక్క బెల్మీరోది. ఒంటివాడు, ఆవులున్నవాడు. కిందికి దిగే పనే లేదు గనుక బుద్ధిపుడితే కొట్టేవాడు, లేకపోతే లేదు. ఒక చలికాలం ఎతెల్వీనా మొగుడు ఓర్లాందో కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే దుప్పట్లో వేసి మోసుకొచ్చాం. బెల్మీరో వంతులో అల్లం మా తలలు దాటి ఉంది. తోసుకుంటూ, జారుతూ, ఆయన్ని కింద దించుతూ మళ్ళీ ఎత్తుతూ వచ్చాం. రోడ్డెక్కక ముందే ప్రాణం పోయింది.

"ఎలాగూ పోయేవాడే," అన్నాడు బెల్మీరో.

ఆ రోజు నుంచి ఎతెల్వీనా అతనితో మాట్లాడలేదు. అతని గురించి మాత్రం చర్చి గుమ్మంలో, పాల కేంద్రంలో, ఎక్కడ నలుగురు కనిపిస్తే అక్కడ మాట్లాడింది. దాంతో బెల్మీరో కొడవలి పట్టడం పూర్తిగా మానేశాడు. ఆమె పైకి రావాలంటే వంగి, పాకి రావాల్సిందే. వచ్చేది.

అలా ఉండగా పరిశుద్ధాత్మ పండగ చీటీల్లో ఎతెల్వీనా పేరు వచ్చింది. పరిశుద్ధాత్మకి గుర్తుగా ఊరు ఊరేగించే వెండి కిరీటం వారం పాటు ఆమె ఇంట్లో ఉంటుంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ చూస్తోంది ఆ చీటీ కోసం. ఆ సాయంత్రం ఆమె ఎవర్నీ తిట్టలేదు. చర్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

కానీ సముద్రం మీదుగా తెద్దామంటే కిరీటం పడవెక్కకూడదు. దాన్ని పళ్ళెంలో పెట్టి, రెండు చేతులా పట్టుకుని, తల వంచకుండా నడవాలి. పొదల కింద పాకకూడదు. దారి మూసి ఉంటే తర్వాతి చీటీవాళ్ళ ఇంటికి పోతుంది.

మేం నలుగురం వెళ్ళి బెల్మీరోని బతిమాలాం. "ఆవిడే వచ్చి అడగమనండి. ఒక్క మాట చాలు, మీరే కొట్టుకోండి," అన్నాడు నవ్వుతూ. వాడి పళ్ళు రాలగొట్టాలనిపించింది నాకు.

కిందికెళ్ళి చెప్పాం. ఆమె ఇంటికి సున్నం వేస్తోంది. "వాణ్ణి అడగాలా నేను?" అంది. మళ్ళీ గోడకేసి తిరిగి సున్నం వేసుకుంది.

పండగనాడు జెండా నాది. నా వెనక కిరీటం, దాని వెనక డోలు, ఊరు. గట్టు దగ్గరికి రాగానే ఆగిపోయాం. అల్లం గోడలా నిలబడి ఉంది. వంతురాయి పక్కన బెల్మీరో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"వెనక్కి తిరగండి మరి," అన్నాడు.

అప్పుడు వినిపించింది, పొదల్లోపల కొడవలి చప్పుడు. కింది నుంచి పైకి వస్తోంది. ఆకులు కదిలాయి, కాడలు వాలాయి. ముళ్ళు గీరి మొహమంతా రక్తంతో, ఓర్లాందో పోయినప్పటి నుంచీ వేసుకుంటున్న నల్ల గౌను చిరిగి, ఎతెల్వీనా బయటికొచ్చింది. తెల్లవారకముందు నుంచీ కొడుతోందట.

"ఎవర్నడిగి కొట్టావే?" అని అరిచాడు బెల్మీరో. "నేనింకా బతికే ఉన్నాను!"

ఆమె అతని వైపు చూడలేదు. కొడవలి పక్కన పెట్టి వంతురాయి ముందు మోకరించింది.

"బెల్మీరో ఆత్మకి శాంతి కలుగుగాక," అంది గట్టిగా. "పరలోకమందున్న మా తండ్రీ..."

 ముందు డోలువాడు ఆ ప్రార్థన అందుకున్నాడు. నేనూ అందుకున్నాను. మా వెనక ఊరంతా అందుకుంది. మగవాళ్ళందరం టోపీలు తీశాం. ఎదురుగా బెల్మీరో కూడా తీశాడు. ప్రార్థన వినగానే చెయ్యి దానంతటదే పైకెళ్ళినట్టుంది. సగంలో తెలిసొచ్చి, టోపీ మళ్ళీ పెట్టుకోలేక, గుండెల దగ్గర పట్టుకుని ఆమెన్ దాకా నిలబడ్డాడు.

కిరీటం తల వంచకుండా దిగింది.

మధ్యాహ్నం ఎతెల్వీనా వాకిట్లో మాంసం పులుసు వడ్డించింది. ఆ రోజు ఎవరొచ్చినా కాదనకూడదు. చివర్లో బెల్మీరో వచ్చి వరసలో నిలబడ్డాడు. ఆమె అతని గిన్నె నిండా పోసింది.

"కడుపు మాత్రం బతికే ఉందన్నమాట," అంది.

ఇన్నేళ్ళలో ఆమె అతనితో అన్న మొదటి మాట అది. అతను కళ్ళెత్తలేదు. గోడ పక్కన నిలబడి పులుసంతా తాగి, గిన్నె కడిగి ఆమె చేతికిచ్చి, ఆమె కొట్టిన దారినే పైకెళ్ళాడు.