సీటు కింద చలి

పాస్టరయ్య బిడ్డ పెళ్లిలో తెల్ల చామంతులు బూడిద రంగులోకి ఎలా మారాయని చేవెళ్లలో ఎవరిని అడిగినా, వాళ్లు నా వైపు వేలు చూపిస్తారు. చూపించనివ్వండి. ఆ ఘనకార్యం నాదే. ఒక మనిషికి తెలివి ముదిరితే ఎంత విధ్వంసం జరుగుతుందో తెలుసుకోవాలని ఉంటే, జర సర్దుకుని కూర్చోండి.

మాది చిన్న మంగళారం. నాకు పెట్రోలుతో నడిచే ఒక పాత చిన్న ట్రక్కు ఉంది. కూరగాయలు, పూలు, పెళ్లి సామాను, ఏది దొరికితే అది వేసుకుని మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి తిరుగుతుంటాను. దీని ఇంజన్ ముందు భాగంలో ఉండదు, మనం కూర్చునే సీటు కిందే ఉంటుంది. ఎండాకాలం నడిపేవాడు అడుగు నుంచి వేగిపోతాడు. చలికాలం మాత్రం పొయ్యి పక్కన కూర్చున్నంత హాయి. నా భార్య సునీత చలికాలమంతా నాతో మార్కెట్‌కు వచ్చేది నా మీద ప్రేమతోనే అని చాలాకాలం నమ్మాను. సీటు కోసం వచ్చేదట.

పోయిన ఎండాకాలం బండి బాగా వేడెక్కుతోందని మొయినాబాద్‌లో యాదగిరి షెడ్డుకు తీసుకెళ్లాను. యాదగిరి మెకానిక్. చేతి పని కన్నా నోటి పని ఎక్కువ. రేడియేటర్ నీళ్లు పోయే దారిలోంచి స్ప్రింగు ఉన్న ఒక చిన్న ఇత్తడి వాల్వు బయటికి తీసి చూపించాడు.

"అన్నా, ఇది మనకెందుకే? మనకాడ అందరు తీసేసిన్రు. నీళ్లు ఆగకుంట తిరుగుతయి, ఇంజన్ సల్లగుంటది."

"తీసెయ్. కంపెనోళ్లకేం ఎరుక మన ఎండలు."

ఇంజన్ తయారుచేసినవాళ్ల అమాయకత్వానికి ఇద్దరం కాసేపు జాలిపడి, చాయ్ తాగి, ఎవరి పనికి వాళ్లం వెళ్లిపోయాం. వాల్వు ఇంటికి వచ్చింది. దాని పైభాగంలో కొవ్వొత్తి కచ్చితంగా ఇమిడిందని సునీత దాన్ని ప్రార్థన బల్ల మీద పెట్టుకుంది. ఇంట్లో కొవ్వొత్తి స్టాండు ఏర్పడింది, బండి చల్లబడింది. నా అంత తెలివైన యజమాని ఈ మండలంలో లేడని తేలిపోయింది.

చలికాలం వచ్చింది. బండి నల్లటి పొగ కక్కడం మొదలుపెట్టింది. చిన్న మంగళారంలో నేను స్టార్ట్ చేస్తే పక్కూరు ఎంకపల్లిలో దగ్గేవాళ్లు. పెట్రోలు వాసన ముక్కులు పగలగొట్టేది. బంకు దగ్గర కుర్రాళ్లు నన్ను చూసి లేచి నిలబడేవాళ్లు, అంత తరచుగా వెళ్లేవాణ్ని.

"ఏమయ్యా, సీటు సల్లగుంటున్నది. పోయినేడు గిట్ల లేకుండె," అంది సునీత కాళ్లు ముడుచుకుంటూ.

"అదే మరి నా తెలివి. ఇంజన్ను సల్లగ పెట్టిన."

"మరి పొగెందుకొస్తున్నది?"

"అది వేరే సబ్జెక్టు."

ఇక్కడ సునీత సంగతి చెప్పాలి. ఆ ఏడు ఆమె మొదటిసారి తన సొంత పూనికతో తెల్ల చామంతి వేసింది. నన్ను చేలో అడుగుపెట్టనివ్వకుండా, నీళ్ల దగ్గర నుంచి మందుల దాకా తానే చూసుకుంది. పాస్టరయ్య మా చేలో పూలు చూసి మురిసిపోయి, చేవెళ్ల చర్చిలో తన బిడ్డ పెళ్లికి స్టేజీ అలంకరణ మొత్తం ఆమెకే అప్పగించాడు. ఆ పెళ్లిలో పూలు బాగున్నాయి అనిపించుకుంటే చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ ఆమెను వెతుక్కుంటూ వస్తాయి. చెడిపోతే మళ్లీ నా మాట విని టమాటా వేయాలి. ఆమెకు టమాటా కన్నా నా మాటంటేనే ఎక్కువ భయం.

"పెళ్లి దినం మన బండి వద్దు. కిరాయికి వేరేది మాట్లాడుదాం," అంది.

"మనింట్ల బండి పెట్టుకొని కిరాయి బండా? నా ఇజ్జతేం గావాలె? ఫికర్ జేయకు, నేను సూస్కుంట."

'నేను చూసుకుంటా' అని నేను ఎప్పుడు అన్నా సునీత ముఖం అదో రకంగా అయిపోతుంది. అప్పుడూ అయింది.

చూసుకోవడం మొదలుపెట్టాను. ఫోన్లో వీడియోలు చూశాను. ఇంజన్ కంప్యూటర్‌తో మాట్లాడి లోపలి సంగతులు ఫోన్లో చూపించే చిన్న స్కానర్ తెప్పించాను. దాన్ని బండికి తగిలించినప్పుడు మెడలో స్టెతస్కోపు వేసుకున్నంత గర్వం వచ్చింది. స్కానర్ రెండు విషయాలు చెప్పింది. ఒకటి, గాలి పాలు తక్కువై పెట్రోలు పాలు ఎక్కువైంది. రెండోది, ఇంజన్ ఇంకా చల్లగా ఉంది. చేవెళ్ల దాకా పోయి వచ్చాక చూసినా అదే మాట, ఇంజన్ చల్లగా ఉంది.

యాదగిరి దగ్గరికి పరుగెత్తాను. "నీళ్ల వేడి సూసే సెన్సార్ అబద్ధం చెప్తున్నది."

"నేను అప్పుడే అనుకున్న," అన్నాడు యాదగిరి. ఎప్పుడు అనుకున్నాడో ఇద్దరికీ తెలియదు.

కొత్త సెన్సార్ వేశాం. అది కూడా ఇంజన్ చల్లగా ఉందనే చెప్పింది. డూప్లికేట్ సరుకని దాన్ని తిట్టి, శంకర్‌పల్లి పోయి మరొకటి తెచ్చాం. దానిదీ అదే పాట. మూడు సెన్సార్లు ఒకే మాట చెబితే మామూలు మనిషి ఆ మాటను నమ్ముతాడు. నేను మాత్రం మూడూ కుమ్మక్కయ్యాయని తేల్చాను. సైలెన్సర్ పైపులో ఉండి పెట్రోలు ఎక్కువైందని మొత్తుకుంటున్న ఆక్సిజన్ సెన్సార్‌ను కూడా ఈ కుట్రలో భాగస్వామి కింద పీకేసి, దాని చోట కొత్తది పెట్టాం. కొత్తది కూడా మొత్తుకుంది.

"అన్నా, కార్బన్ పేరుకపోయింటది," అన్నాడు యాదగిరి చివరికి. "నిలవెట్టి ఫుల్లు రేజ్ చెయ్యి. అంత కాలిపోతది."

పెళ్లి రోజు వచ్చింది. పొద్దున్నే, మంచు ఇంకా విడవక ముందే, పూల గంపలన్నీ ట్రక్కులో పేర్చాం. గంపల్లో పూలు పాలనురుగులా ఉన్నాయి. సునీత ఒక్కో గంపనూ పసిపిల్లను పడుకోబెట్టినట్టు సర్దింది. నేను స్టార్ట్ చేశాను. బండి దగ్గింది, ఊగింది, పొగ వదిలింది.

"సునీతా, జర పక్కకు జరుగు. కార్బన్ కాల్చేస్త."

"పూలు దింపినంక కాల్చుకోరాదు?"

"దార్ల ఆగితె? నీకు ఇంజన్ల గురించి తెల్వది."

యాక్సిలరేటర్ అడుగు దాకా తొక్కి పట్టాను. గాలి ఎటు వీస్తోందో చూడాలని ఏ వీడియోలోనూ చెప్పలేదు. గాలి వెనక నుంచి ముందుకు వీస్తోంది. సైలెన్సర్ లోంచి లేచిన మసి తిన్నగా గంపల మీదికి వచ్చి, నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా పరుచుకుంది. నేను దిగి వచ్చి చూసేసరికి పై వరుస చామంతులు పొయ్యిలోంచి తీసినట్టు ఉన్నాయి.

సునీత ఒక పువ్వు తీసి ఊది, మళ్లీ గంపలో పెట్టి, వచ్చి సీట్లో కూర్చుంది. నాకు ఆ క్షణంలో నిజంగా సిగ్గేసింది. ఆమె మూడు నెలల కష్టం మీద నేను ఒక్క కాలితో మసి పోశాను.

చేవెళ్ల వైపు తిరిగి రోడ్డెక్కాం.

"నీ స్కానర్ డబ్బ ఏం చెప్తున్నది?" అంది సునీత, కళ్లు రోడ్డు మీదనే పెట్టి.

"ఇంజన్ సల్లగున్నదంటున్నది. అబద్ధం."

"నేనేం చెప్తున్న?"

"ఏం చెప్తున్నవ్?"

"చలికాలం వచ్చినకాంచి సీటు సల్లగున్నదని చెప్తున్న. ఇంజన్ మీద కూసోని వణుకుతున్న. నీ సెన్సార్లు గదే చెప్పినయి, నేను గదే చెప్పిన. సల్లగనే ఉన్నదేమో మరి."

నా కాలు యాక్సిలరేటర్ మీద నుంచి దానంతటదే లేచింది. కళ్ల ముందు ప్రార్థన బల్ల, దాని మీద కొవ్వొత్తి, దాని కింద ఇత్తడి వాల్వు కనిపించాయి. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపడమే ఆ వాల్వు పని. అది లేక, ఈ చలిలో ఇంజన్‌కు వేడెక్కే అదృష్టమే లేకుండా పోయింది. చలికి వణికే మనవడి మీద దుప్పటి మీద దుప్పటి కప్పే నాయనమ్మలా, కంప్యూటర్ పెట్రోలు మీద పెట్రోలు పోస్తూనే ఉంది. ఈ కథలో అందరూ నిజమే చెప్పారు, నేనూ యాదగిరీ తప్ప.

చర్చి దగ్గర ఆడవాళ్లంతా కలిసి గంపలు విప్పారు. దేవుడి దయ, అడుగున పూలు తెల్లగానే ఉన్నాయి. వాటిని స్టేజీ ముందు కట్టారు. చాలని చోట, వెనక వరుసల్లో, నేను మసి పట్టించిన పూలు కట్టారు. పెళ్లికి వచ్చిన ఫామ్‌హౌస్ మేడం ఒకావిడ ఆ వెనక వరుస దగ్గరే ఆగిపోయింది.

"ఈ గ్రే షేడ్ చాలా రేర్‌గా ఉంది. ఆర్గానిక్‌గా పండించారా? మా గృహప్రవేశానికి ఇవే కావాలి."

"ఇది మా ఆయన కనిపెట్టిన రకం మేడం," అంది సునీత నా వైపు చూడకుండానే. "ఆయనకు బుద్ధొస్తె మళ్ల దొరకదు. తెల్లయి తీసుకోండ్రి."

మేడం తెల్లవి చెప్పింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు చెప్పారు. సునీత ముగ్గురికీ ఒకే మాట చెప్పింది, పూలు కిరాయి బండిలో వస్తాయని.

మర్నాడు కొవ్వొత్తి పీకి, వాల్వు కడిగి, యాదగిరి చేత బండిలో బిగించాను. పొగ పోయింది, పెట్రోలు వాసన పోయింది. "నేను అప్పుడే చెప్దామనుకున్న," అన్నాడు యాదగిరి. సునీతకు కొత్త కొవ్వొత్తి స్టాండు కొనిచ్చాను. ఇంజన్ నడుస్తుండగానే ఆమె బండెక్కి, సీటు మీద అరచెయ్యి పెట్టి చూసి, ఆ చలికాలంలో మొదటిసారి నవ్వింది.

"గిప్పుడు ఒట్టు పెట్టు. ఈ సీటు మీద చెయ్యి పెట్టి."

పెట్టాను. ఇకపై కంపెనీ బిగించిన ఏ ముక్కనూ ఎవరి మాట వినో పీకనని, సెన్సార్ల మీద నిందలు వేయనని, వాటికన్నా ముందు భార్య చెప్పింది వింటానని గంభీరంగా మొదలుపెట్టాను. చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది కానీ, అక్కడికే ఆపి చెయ్యి లాగేసుకోవాల్సి వచ్చింది. సీటు కాలిపోతోంది.