ఫిల్మ్ నగర్‌లో తీయటి పొగ

మా తమ్ముడు సూరిబాబుకి కిరాయికి తిప్పే కారే బతుకు. ఆ కారు నెలరోజులుగా, ఇంజన్‌ని చల్లగా ఉంచే కూలెంట్ తాగేస్తోంది. ఎంత పోసినా తగ్గిపోయి ఇంజన్ వేడెక్కేది. కింద మాత్రం ఒక్క చుక్క కారిన జాడ లేదు. గొట్టాలు మార్చినా గుణం లేదు.

హైదరాబాదులో పెళ్లి చూసుకుని తునికి బయలుదేరిన పొద్దున, ఫిల్మ్ నగర్ ఎత్తులో మళ్లీ వేడెక్కింది. స్టూడియో గోడ పక్కన ఆపి, చల్లారాక కూలెంట్ పోసి స్టార్ట్ చేశాడు. వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ లేచి ఎండలో మెల్లగా పరుచుకుంది. వీధి వీధంతా మబ్బుల్లోకి ఎక్కినట్టయింది. నేనలా చూస్తూ నిలబడిపోయాను.

ఆ పొగలోంచి ఒకాయన వచ్చాడు. సినిమా పాటలకి పొగ వేసేది ఆయనేనట. ముక్కు ఎగబీల్చి, "తమ్మీ, ఇది మా పొగ వాసనే గదా!" అన్నాడు.

"నా కారు పొగ మీదెలా అవుద్దండీ?"

"మేం పొగకు కాచే మందు గిట్లనే తియ్యగ వాసనొస్తది. నీ కూలెంట్ కింద కారుతలేదు, ఇంజన్ల పడి కాలుతున్నది. జర బంద్ చెయ్యి."

"సాయంత్రానికి తుని చేరాలండీ."

"చేరుతది. లారీ మీద చేరుతది."

సూరిబాబు ఇంజన్ ఆపేశాడు. నేను వాసన చూశాను. నిజంగానే పాకం కాచినట్టుంది. తెర మీది మబ్బులకి వాసన ఉంటుందని నాకెప్పుడూ తోచలేదు.

కారుని షేక్‌పేటకి లాగించాం. అక్కడి మెకానిక్ ఇంజన్ విప్పితే, అతుకు మధ్య ఉండే గ్యాస్‌కెట్ కాలి కూలెంట్ లోపలికి దిగుతోందని తేలింది. ఇంకాస్త దూరం నడిపితే ఇంజనే పోయేదట. బాగుచేయించుకుని మర్నాడు మళ్లీ ఆ దారినే వచ్చి, తమ్ముడు హుషారుగా కొండ దిగాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక పొగ లేదు, రోడ్డంతా తేటగా ఎండ కాస్తోంది. ఎందుకో కాస్త బెంగగా అనిపించింది.